జూనిపర్ కింద పొదలు

ఈ ఉదయం ఆరూ పదికి పెన్సిల్ చెక్కుతుంటే ఆ కర్రలోంచి జూనిపర్ చెట్టు వాసన వచ్చింది. లచ్చయ్య పోయాడని జగిత్యాల నుంచి కబురు వచ్చి తొమ్మిది రోజులైంది.

తొంభైల మొదట్లో మేమిద్దరం ఒమాన్‌లో, రుసైల్‌లోని ఒక నర్సరీ కంపెనీలో పనిచేశాం. ఆయన కూలీ, నాకంటే పదేళ్లు పెద్ద. నేను వృక్షశాస్త్రం చదివిన సూపర్‌వైజర్‌ని. జబల్ అఖ్దర్ కొండ మీద ముసలి జూనిపర్ చెట్లు ఎండిపోతున్నాయని మమ్మల్ని పంపారు. కింద పెరిగిన అడవి ఆలివ్ పొదలు వాటి నీళ్లు తాగేస్తున్నాయని, కొట్టేయాలని నేనే రిపోర్టు రాశాను. కంపెనీ సరేనంది.

రెండు చెట్ల కింద కొట్టాక లచ్చయ్య గొడ్డలి పక్కన పెట్టాడు. "సారూ, ఇటు రాండ్రి. ఈ చెట్టు పిల్లలు యాడున్నయో సూడుండ్రి."

చూశాను. బయట ఎండలో ఒక్క జూనిపర్ మొలకా లేదు. ఉన్నవన్నీ పొదల నీడలోనే ఉన్నాయి. మేము కొట్టిన చోట మాత్రం నాలుగు మొలకలు నీడ పోయి ఎండలో నిలబడ్డాయి.

"పొద నీళ్లు తాగదా మరి?" అన్నాను, కాస్త కోపంగానే.

"తాగుతది. మా పసుపు చేన్ల మక్కజొన్న ఏస్తం. తాగుతదని పీకేస్తమా? ఆ నీడ లేకుంటె పసుపు మొలక మాడిపోతది. మీరు కాలేజీల సదివిన్రు గని, పసుపు ఎయ్యలే."

పొద పక్కన గుంత తవ్వి చూపించాడు. ఆలివ్ వేర్లు పైమట్టిలో పరుచుకున్నాయి. జూనిపర్ వేరు వాటిని దాటి బండ పగులులోకి దిగింది. రాలిన ఆకుల కింద మట్టి ఇంకా తడిగానే ఉంది.

మర్నాడు కొట్టడానికి మరో ఇరవైమంది వస్తున్నారు. నా రిపోర్టు తప్పని చెబితే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆయనకది అర్థమైంది.

"మీరు చెప్పకుంటె నేనే చెప్త. ఏం జేస్తరు, ఇంటికి పంపుతరు. మా ఇంటిది సంబురపడ్తది."

క్యాంపుకు దిగి నేనే మేనేజరుకు ఫోన్ చేసి, నా రిపోర్టు తప్పని చెప్పాను. "రెండు చెట్ల కిందేనా కొట్టింది?" అని ఆయన అడిగి, "ఆపేయండి" అన్నాడు. తిరిగి పైకి వెళ్లేసరికి లచ్చయ్య నరికిన కొమ్మలనే ఆ నాలుగు మొలకల మీద గుడారంలా నిలబెడుతున్నాడు. విషయం చెబితే, "మంచిగైంది. ఇంకో కొమ్మ అందియ్యుండ్రి" అన్నాడు.

తప్పు రిపోర్టు రాశానన్న సిగ్గు ఎప్పుడో పోయింది. సమయానికి ఆగామన్న నిశ్చింత మాత్రం ఉంది. అప్పటి నుంచి నేను చూసుకునే తోటల్లో చెట్టు చుట్టూ పొదలూ గడ్డీ తీయించి నేలను నున్నగా చెక్కించడం మానేశాను.