పదిహేడో నంబరు

సారు పోయారన్న కబురు గురువారం పొద్దున, దుకాణంలో పంక్చరు అతికిస్తుండగా వచ్చింది. ఇన్నాలిల్లాహి అనుకున్నాను. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే, ఆయన నోటుబుక్కులు దాచే బీరువా ఇప్పుడు ఎవరు తెరుస్తారోనన్న ఆలోచన కూడా వచ్చింది. రెంటిలో ఏది ముందు వచ్చిందో పైవాడికే తెలుసు. ఇది దాచిపెట్టి సారును తలుచుకుంటే అది అబద్ధమవుతుంది. అందుకే మీకు చెబుతున్నాను.

సారుది రాజంపేట. కర్నూలు వన్‌టౌన్‌లో నా దుకాణానికి నాలుగిళ్ళ అవతల కాపురం. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. ముస్లిములు ఫోన్లలో, గ్రూపుల్లో తమ గురించి తాము ఏం చెప్పుకుంటున్నారన్నది ఆయన పరిశోధన. మన మనిషే. మన వరసలోనే నమాజుకు నిలబడతాడు, మన మాటలే రాసుకుంటాడు. ఎవరి కోసం? శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత మసీదులో పది నిమిషాలు మాట్లాడి, ఆ మాటలనే ఫోన్లో పెట్టే నాబోటివాడికి ఆ ప్రశ్న రాకుండా ఎట్లా ఉంటుంది?

ఆయన ముందరి గదిలో గోడకు ఒక పొడవాటి కాగితం వేలాడేది. దానినిండా రంపపు పళ్ళలాంటి గీతలు.

"ఏంది సారూ ఇది? ఎవురి గుట్టు?" అని అడిగాను.

"కొండ గుట్టు మౌలానా," అన్నారు. మదరసా గడప తొక్కని నన్ను ఆయన సరదాకి అట్లా పిలిచేవారు. "వయసులో ఉన్నప్పుడు సముద్రం నడుమ దీవిలో అగ్నిపర్వతానికి కాపలా ఉంటి. లోపల కదిలితే సూది గీస్తాది."

"నిప్పుకొండ దిగి మా వాట్సాప్ మీదికి ఎక్కినావన్నమాట."

శానాసేపు నవ్వారు. "రెండుచోట్లా పని ఒకటేప్పా. పక్కన కూచోని వినేది. ఆడ అల కొట్టినా సూది కదులుతాది. ఈడ పెడితే లారీ పోయినా కదులుతాది. కదిలిందంతా నిప్పే అనుకుంటే ఊర్లో ఎవురూ నిద్రపోలేరు."

వినడానికి బాగుంది. నేను నమ్మలేదు.

మా గ్రూపుల్లో ఆయన ఒక్క మెసేజీ కూడా ఎవరికీ పంపేవారు కాదు, అన్నీ చదివేవారు. అదీ నాకు అనుమానమే. రాసిన కాగితాలు తెచ్చిన విద్యార్థులను గుమ్మంలోనే తిప్పి పంపేవారు. "మాట ఎవురిదో వాళ్ళకు చదివి వినిపించినావా? లేదా? పో, వినిపించి రా. వద్దంటే కొట్టెయ్." వీధిలో నాకు వినబడాలనే ఈ నాటకం అనుకునేవాణ్ణి.

ఒకరోజు టీ తేవడానికి ఆయన లోపలికి వెళ్ళారు. బల్లమీద నోటుబుక్కు తెరిచి ఉంది. పేర్లు లేవు, నంబర్లే. పదిహేడు దగ్గర నా మాట, పొల్లుపోకుండా ఉంది: మనమెవరమో మనమే చెప్పాల, ఇంకొకడు చెప్పకూడదు. కింద సారు రాత: "ఈ మనిషి చాలా కోపంగా మాట్లాడతాడు." అంతవరకే చదివాను. చెప్పుల చప్పుడు వినబడింది. టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

ఆ జుమ్మాకు గ్రంథం చేతబట్టుకుని నిలబడ్డాను. మన పక్కనే నేలకు నుదురానించి సజ్దా చేస్తూ మనకు నంబర్లు వేసేవాడున్నాడని మైకులో అరిచాను. పేరు చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు. వారం తిరక్కుండానే సారుకు సలాం చేసేవాళ్ళు లేకుండా పోయారు. అనుమానం గురించి గ్రంథం చేసిన హెచ్చరిక నాకు తెలియదా? తెలుసు. ఆ పేజీని ఎప్పుడూ ఎదుటివాళ్ళకే చదివి వినిపించాను.

పది రోజులకు సారు స్కూటరు తోసుకుంటూ దుకాణానికి వచ్చారు. "నా గాలి తీసింది నువ్వే గదా మౌలానా, పెట్టేది గూడా నువ్వే."

నేను నవ్వలేదు. "ఆ బుక్కు అందరి ముందర తెరువు. పేర్లు యాడ దాచినావో అదీ తే. తప్పు లేకపోతే నేనే మైకులో చెప్తా."

"తెరిస్తే నా మచ్చ పోతాది. నన్ను నమ్మి మాట్లాడినోళ్ళ పేర్లు బజారున పడతాయి."

"అంటే చూపియ్యవు."

"చూపియ్యను. టైరు చూడప్పా, క్లాసుకు టైమయితాంది."

అప్పటినుంచి రెండేళ్ళు, పోయేదాకా, ఆయన మసీదులో చెప్పుల పక్కన చివరి వరసలోనే నిలబడ్డారు.

మయ్యత్తును కడసారి చూడటానికి ఇంటికి వెళితే సారు చెల్లెలు ఒక కవరు చేతిలో పెట్టింది. "అన్నా, నీకియ్యమన్నాడు." నోటుబుక్కులోంచి చించిన పదిహేడో నంబరు పేజీ. నేను చదవకుండా వదిలేసిన సగం అందులో ఉంది. "ఈ మనిషి చాలా కోపంగా మాట్లాడతాడు. కానీ ప్రతిసారీ చివర, పిల్లలు పొద్దు గుంకకముందే ఇల్లు చేరాలంటాడు. ఇది కోపం కాదు, దిగులు." అడుగున నన్నే అడిగిన ప్రశ్న: "ఉంచమంటావా, కొట్టెయ్యమంటావా?"

"మిగతావాళ్ళ పేర్లు?" అని అడిగాను. అప్పుడు కూడా.

"నువ్వు తెమ్మన్న దినమే, ఇంటికొచ్చి పొయ్యిలో పెట్టినాడు. ఎవురొచ్చి అడిగినా దొరకకూడదన్నాడు. పేర్లు లేకుంటే పోయి అడిగేదానికి లేదు, అడగకుండా అచ్చేసేదానికి లేదు. ఏడేండ్ల పని అట్లే అటకెక్కె."

కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాను. ఖాళీ.

మాలో ఒక ఆచారం ఉంది. జనాజా నమాజుకు ముందు ఒకరు నిలబడి, పోయిన మనిషి ఎవరినైనా నొప్పించి ఉంటే కహాసునా మాఫ్ చేయమని అడుగుతారు. అన్నదీ విన్నదీ అన్నీ మన్నించమని. మా మసీదులో అది అడిగేది నేనే. ఆ రోజు నిలబడితే వేరే మాట వచ్చింది.

"సగం చదివి తీర్పు చెప్పొద్దని ఇన్నేండ్లు మీకు చెప్పినోణ్ణి, నేనే సగం చదివినా. సారు ఎవురి మనిషీ కాదు. నన్నే మాఫ్ చెయ్యమని సారును అడుగుతాండా."

వెనక వరస నుంచి ఎవరో అన్నారు: "గట్టిగా చెప్పు మౌలానా! ఆ పొద్దు మైకు పెట్టుకోనుంటివి గదా!"

గట్టిగానే చెప్పాను.

ప్రశ్న కింద "ఉంచండి" అని రాశాను. ఆ కాగితం ఎవరికివ్వాలో తెలియక, గ్రంథం చుట్టిన గుడ్డలోనే పెట్టుకున్నాను. దుకాణంలో ట్యూబు ముంచి చూసే నీళ్ళ తొట్టి ఉంది. ఓర్వకల్లు దిక్కు నుంచి రాళ్ళ లారీ వచ్చినప్పుడల్లా ఆ నీళ్ళు వణుకుతాయి. నా చేయి ఆగిపోతుంది. తలెత్తి చూస్తాను. లారీయే. అది మలుపు తిరిగేదాకా చూస్తాను. నీళ్ళు మళ్ళీ నిలుస్తాయి.