తన్నే కాలు, నిలబడే కాలు

నేను పుట్టినప్పుడు ముందు బయటికి వచ్చినవి కాళ్ళు. బాగేపల్లి పక్కన మా అమ్మ పుట్టింట్లో, తల కోసం చూస్తున్న మంత్రసానికి నా కుడి పాదం కనిపించిందట. ఆ కష్టం గుర్తొచ్చినప్పుడల్లా అమ్మ నన్ను కోపంగా చూసేది. ఊరు మాత్రం సంతోషపడింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు నడుం పట్టేసిన చోట కాలితో మూడుసార్లు తాకితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. తాకడం అని నేను మర్యాద కోసం రాస్తున్నాను. జనం తన్నడం అనే అంటారు. "అమ్మా, ఒక తన్ను తన్నమ్మా" అనుకుంటూ వస్తారు.

పెళ్ళై సాదలి దగ్గరున్న ఈ ఊరికి వచ్చినప్పుడు నా పెట్టెతో పాటు ఆ పేరూ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నా పొద్దులు అట్లాగే మొదలవుతున్నాయి. పరగడుపున వస్తారు, వరసగా మూడు రోజులు. మా వసారా గోడకు చేతులు ఆనించి వంగుతారు. నేను ఎడమకాలి మీద నిలబడి, కుడికాలు ఎత్తి, నొప్పి ఉన్నచోట మెల్లగా మూడుసార్లు ఆనిస్తాను. పెద్దవాళ్ళయితే తర్వాత వాళ్ళ పాదాలకు మొక్కుతాను. పెద్దల ఒంటికి కాలు తగిలించిన దోషం అట్లా పోతుందని మా అత్త నేర్పింది.

నువ్వు నమ్ముతావా అని కొందరు అడుగుతారు. పట్టేసిన నడుం మూడు నాలుగు రోజుల్లో దానంతటదే వదులుతుందని నాకూ తెలుసు. అంత అమాయకురాలిని కాను. కానీ వంగి వచ్చిన మనిషి నిటారుగా నడిచి పోతుంటే చూడటం నాకు ఇష్టం. అందులో కొంత గర్వం కూడా ఉంది, దాచుకోను. ముప్పై ఏళ్ళలో నా ముందు నడుం వంచని మనిషి ఒక్కడే, మా ఆయన. ఎంత నొప్పి ఉన్నా మందు రాసుకుని మూలుగుతూ పడుకునేవాడు. "పెండ్లాంతో తన్నించుకున్న్యాడని ఊరంతా చెప్పుకోవల్లనా?" అనేవాడు.

పోయిన ఎండాకాలం నా కుడికాలే బెణికింది.

మాకు రెండెకరాల మల్బరీ తోట ఉంది, ఇంటి వెనక పట్టుపురుగులు మేపే షెడ్డు ఉంది. ఆ రోజు ఆకు కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని గట్టు దిగుతున్నాను. గట్టు కింద డ్రిప్ పైపు ఉందని నాకు బాగా తెలుసు. దాన్ని అక్కడ పరిచింది నేనే. మోపులోంచి వేలాడే కొమ్మలు కళ్ళకు అడ్డం వచ్చాయి. పైపు మీద కాలు జారి, పాదం లోపలికి మడతపడింది. మోపు ఒకవైపు, నేను ఒకవైపు పడ్డాం. లేచి చూసేసరికి చీలమండ చుట్టూ వాపు కమ్ముకుంది.

ఊరికి ఇది పెద్ద వినోదమైంది. "తన్నే కాలే బెణికిపాయ, ఇంగ నిన్ను ఎవరు తన్నాలమ్మా?" అని నవ్వినవాళ్ళే ఎక్కువ. మిట్టేమరిలో ఇంకొకాయన ఎదురుకాళ్ళతో పుట్టినవాడు ఉన్నాడు, పిలిపించమంటావా అని ఒకామె నిజంగానే అడిగింది. నా కాలు మీద ఇంకొకరి కాలు పడనివ్వనని గట్టిగా చెప్పాను. వేడి నూనె పోసి నేనే రుద్దుకున్నాను. రుద్దేకొద్దీ వాపు పెరిగింది. అయినా రెండోరోజు తోటలోకి నడిచాను. షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. పురుగు పాత పొర విడవడాన్ని మేము జ్వరం అంటాం. నాలుగోది లేచిందంటే రాత్రీ పగలూ తింటూనే ఉంటుంది, మన కాలు సంగతి దానికి అనవసరం.

రెండు వారాలకు వాపు దిగింది, బాగైందనుకున్నాను. అప్పుడే టమోటాలు పండించే పక్కింటి పెద్దాయన నడుం పట్టుకుని వచ్చాడు. ఆయన్ను వెనక్కి పంపడానికి మనసొప్పలేదు. ఎప్పటిలాగే ఎడమకాలి మీద నిలబడి కుడికాలు ఎత్తాను. మూడుసార్లు ఆనించాను. దించేటప్పుడు ఆ పాదం వసారా అంచు మీద పడింది, పడిన పాదం తిన్నగా ఉందో వంకరగా ఉందో నాకు తెలియనే లేదు. మళ్ళీ అదే మడత. ఆయన నిటారుగా నిలబడ్డాడు, నేను కూలబడ్డాను. పాపం, నన్ను లేవనెత్తబోయి ఆయనకు మళ్ళీ నడుం పట్టేసింది.

మూడోసారి బెణికినప్పుడు నవ్వినవాళ్ళు ఎవరూ లేరు. తర్వాతి పంట పురుగులకు ఆకు చాలక తోటలో పరుగెత్తుతున్నాను. రాయి లేదు, పైపు లేదు, గట్టు లేదు. చదునుగా ఉన్న నేల మీదే కాలు తిరిగింది. ఆ పంట చివరి వారమంతా మా ఆయన ఒక్కడే ఆకు కోశాడు, ఒక్కడే మోశాడు. నేను గుమ్మంలో స్టూలు మీద కాలు చాపుకుని చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియక ఇంకా ఎక్కువైంది.

పట్టుగూళ్ళు అమ్మి వచ్చిన రోజు మా ఆయన అన్నాడు. "చాలు. తోట పెరికేసి మామిడి పెడదాం. మామిడికైతే పరిగెత్తే పని లేదు. పెరికే బండికి కూడా చెప్పొచ్చినా."

ఆ తోట మొలకలు ఒక్కొక్కటీ నా చేత్తో నాటాను. వద్దన్నాను.

"ఆ కాలి మీద పాలు పొంగేంతసేపు నిలబడలేవు, తోట యాడ చూస్తావు?" అన్నాడు. వెటకారంగా అన్నమాట కాదు. అలసిపోయి అన్నాడు, అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"తోట ఇప్పుడే కదా కత్తిరించినాము. మళ్ళా ఆకు కోతకొచ్చే వరకు ఆగండి. అప్పటికి పాలు పొంగేంతసేపు ఆ కాలి మీదే నిలబడతా. నిలబడకపోతే బండిని నేనే పిలిపిస్తా" అన్నాను. కత్తిరించిన మల్బరీ మళ్ళీ ఆకు కోతకు రావాలంటే రెండు నెలల పైన పడుతుంది. ఆయన తల ఊపాడు. నమ్మి ఊపిన తల కాదు.

మరుసటి రోజే చింతామణి బస్సెక్కాను. అక్కడ కాళ్ళకు, నడుములకు వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఉంది. మా పెద్ద కూతురి వయసు ఉంటుంది. ఇంటి భాష కన్నడమే అయినా నాతో తెలుగే మాట్లాడింది. ఎక్స్‌రే ఫోటో చూసి ఎముక విరగలేదని, కాలు నొక్కి చూసి ఎముకల్ని కలిపి పట్టుకునే నారపట్టీ సాగిపోయిందని చెప్పింది. మొదటి రెండు రోజులు చన్నీళ్ళ గుడ్డ వేసి, పట్టీ చుట్టి, కాలు ఎత్తున పెట్టుకోవాల్సింది పోయి వేడి నూనె రుద్దినందుకు బాగా కోప్పడింది. పడ్డాను. తప్పు చేశాక తిట్లు తినడానికి నేను వెనకాడను.

తర్వాత ఒంటికాలి మీద నిలబడమంది. ఎడమకాలి మీద నిలబడ్డాను. గడియారం చూస్తూ ఒక నిమిషం అయ్యాక, కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాను. కదల్లేదు.

"ఇదేమమ్మా, ఈ వయసులో ఇట్లా నిలబడేవాళ్ళను నేను చూసిందే లేదు" అంది. ఇప్పుడు కుడికాలు అంది. ఐదు లెక్కపెట్టేలోపే నేను గోడ పట్టుకున్నాను.

"ఎడమ కాలితో ఏం పని చేస్తాండారు మీరు?"

సిగ్గుపడుతూనే తన్నుల సంగతి చెప్పాను. ఆ పిల్ల చేతిలోని కాగితం బల్ల మీద పెట్టి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక మాత్రం నెమ్మదిగా అంది. "ముప్పై ఏండ్లు దినామూ ఎడమకాలి మీద నిలబడి ఉండారు. మీకు తెలీకుండానే దానికి సాధన అయింది. కుడికాలు ఊరికే గాల్లో తిరిగింది. ఒకసారి బెణికినాక దానికి నేల యాడ ఉండాదో తెలీకుండా పోయింది. దానికి మళ్ళీ నేర్పించల్ల."

ఇంటికి వచ్చే బస్సులో ఆ మాటే నమిలాను. ఊరంతా మొక్కింది నా కుడికాలికి. మోసింది ఎడమకాలు. దాన్ని ఒక్కరూ, నాతో సహా, ఒక్కనాడూ తలుచుకోలేదు. నా మీద నాకే నవ్వొచ్చింది, కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

పని మొదలుపెట్టాను. తొలి రోజుల్లో మంచం మీద కూర్చుని బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయమంది. బడిలో నేర్చింది కన్నడం, ఇంట్లో నాయన నేర్పింది తెలుగు. రెండూ మొదటి నుంచి చివరిదాకా రాశాను. తర్వాత తువ్వాలు పాదానికి తగిలించి లాగడం, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, ఆ తర్వాత ఒంటికాలు. నా గడియారం పాలగిన్నె. పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, వంటింటి గట్టు పట్టుకుని కుడికాలి మీద నిలబడేదాన్ని. మొదటి వారం పాలు వేడెక్కక ముందే కాలు వణికేది. మూడో వారానికి మీగడ కట్టేదాకా ఆగింది.

తోటలో కూడా పద్ధతి మార్చాను. పైపులన్నీ నడిచే దారి నుంచి తప్పించి మేకులు కొట్టాను. గట్టు దిగేచోట నాలుగు రాళ్ళు మెట్లుగా పేర్చాను. అరిగిపోయిన చెప్పులు పారేసి బూట్లు కొన్నాను. చీర మీద బూట్లేసుకుని పోతుంటే "ఏమ్మా, పోలీసు పని వచ్చిందా?" అన్నారు. "వచ్చింది, ముందు నిన్నే పట్టుకుంటా" అన్నాను. ఇక ముందు మోపును రెండు చేసి, రెండుసార్లు తేవాలని కూడా తీర్మానించుకున్నాను.

తన్నుల విషయంలోనే పేచీ వచ్చింది. డాక్టరమ్మ నెల రోజులు వద్దంది, మానేశాను. నెల తర్వాత పక్కింటి పెద్దాయన వచ్చి గోడకు చేతులు ఆనించాడు. నేను ఒక చేత్తో స్తంభం పట్టుకుని, కుడికాలి మీద నిలబడి, ఎడమకాలు ఎత్తాను. ఆయనకు అనుమానం వచ్చింది.

"ఎడమకాలికి గుణం ఉండాదామ్మా?"

"మా అమ్మ కడుపులోనుంచి రెండు కాళ్ళూ వచ్చినాయి కదప్పా. వంగు."

వంగాడు. మూడోరోజుకు తగ్గింది కూడా. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ నాదొక షరతు. తన్ను కావాలంటే ముందు నా ఎదురుగా ఒంటికాలి మీద నిలబడాలి, రెండు కాళ్ళతోనూ. ఇప్పుడు మా వసారాలో పొద్దున్నే కొంగల్లా నిలబడే మనుషులు కనిపిస్తారు. మా ఆయన పేపరు చాటు నుంచి ఇవన్నీ చూసేవాడు.

ఆకు నడుమెత్తు వచ్చింది. ఇంకో పదిరోజులు దాటితే ముదిరిపోతుంది. పిల్లపురుగులు పెంచి ఇచ్చేవాళ్ళకు ముందే ఫోన్ చేసి చెప్పాలి, లేకపోతే రావు. ఎప్పుడూ చేసేది మా ఆయనే. ఈసారి ఆయన చేయడు, నేను అడగను. పెరికే బండికి మళ్ళీ చెప్పాడేమో తెలియదు. రెండు రోజులు అట్లాగే గడిచాయి. ఆ రెండు రోజులు నాకు నిజంగా భయం వేసింది. కాలి గురించి కాదు, కాలు బాగైనా తోట పోతుందేమోనని.

మూడోరోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టాను. వసారాలో గేటు మూసిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే మా ఆయన. తోటలో పేడ ఎరువు గంప ఎత్తబోయాడట, ఒక చెయ్యి నడుం మీద ఉంది, మనిషి సగానికి వంగి ఉన్నాడు. ఆయనే గేటుకు గడియ పెట్టాడు. గోడ దగ్గరికి పోయి రెండు చేతులూ ఆనించాడు.

"ఎవరూ రాకముందే కానీ" అన్నాడు.

ముప్పై ఏళ్ళకు వంగిన నడుం. నాకు నవ్వొచ్చింది. స్తంభం అందేంత దూరంలోనే ఉంది. పట్టుకోలేదు. కుడికాలి మీద నిలబడి ఎడమకాలు ఎత్తి, నొప్పి చోటు చూసుకుని ఆనించాను. ఒకటి. రెండు. మూడు. దించబోయాను.

"దించొద్దు. ఇంగా కొంచేపు నిలబడు" అన్నాడు.

ఆయన తల పక్కకు తిప్పి నా కుడికాలినే చూస్తున్నాడు. నొప్పితో మొహం చిట్లించుకుని కూడా చూపు తిప్పలేదు. నేను చేతులు రెండూ కిందికి వదిలేశాను. చీలమండ కొంచెం అటూ ఇటూ ఆడి, నేలను వెతుక్కుని, కుదురుకుంది. వంటింట్లోంచి చుయ్యిమని శబ్దం, వెనకే మాడు వాసన.

"పాలు పొంగినాయి" అన్నాడు.

"తెలుసు" అన్నాను. కాలు దించలేదు.

ఆయన ఒక చెయ్యి గోడకే ఉంచి, రెండో చేత్తో జేబులోంచి ఫోన్ తీశాడు. వంగినవాడు వంగినట్టే ఉండి పిల్లపురుగుల ఆయనతో మాట్లాడాడు.

"ఈసారీ మాకు పురుగులు పంపప్పా. లేదు లేదు, తోట పెరికేది లేదు, ఆకు బాగుండాది. ఆమెనా? ఇదో, ఈడే ఉండాది. నిలబడే ఉండాది."