గీత దాటాక కాలువ

మా అమ్మాయి బడిలో ఆటల పోటీలకని గ్రౌండులో సున్నపు గీతలు గీస్తున్నారు. తడి మట్టి మీద పడ్డ ఆ సున్నం ఘాటు ముక్కుకి తగలగానే నాకు తుమ్ముతో పాటు నవ్వూ వచ్చింది.

మాది పి.గన్నవరం దగ్గర కాలువ గట్టున ఉన్న పల్లె. చలికాలం పొద్దున్నే కొబ్బరాకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతుంటే, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి ఉడికించిన వేడి పొట్టిక్కల్ని ఆ ఆకు వాసనతో సహా నోట్లో కుక్కుకుని, బడి గంట కంటే ముందే గ్రౌండుకి చేరేవాళ్లం. తొమ్మిదో తరగతి ఆడపిల్లల్లో నేనే అందరికంటే బొద్దు. పరుగు పందెంలో విజిల్ వేయగానే నా స్నేహితురాలు పద్మ, గాలికి ఎగిరిపోయేలా ఉండే పిల్ల, రివ్వున వెళ్లిపోయేది. సగం దూరం దాటాక నాకు ఊపొచ్చి దాదాపు అందుకునేదాన్ని. గీత దగ్గర పడేసరికి మాత్రం కాళ్లు వాటంతటవే బిగుసుకునేవి. గీత అవతల ఏడెనిమిది గజాల్లోనే కాలువ మరి!

అది కనిపెట్టినవారు మా సైన్సు మేష్టారు. ఒకరోజు పాఠం మధ్యలో నన్ను లేపారు.

"మీ నాన్నగారు కొబ్బరికాయల బస్తాలేసుకుని సైకిలు మీద ఎలతారు కదమ్మా, బయల్దేరడం తేలికా?"

"కాదండి. వెనక నుంచి నేను తొయ్యాలండి."

"గట్టు దిగేటప్పుడు ఆగుద్దా?"

"బ్రేకేసినా ఆగదండి."

"ఆయ్, అదే ద్రవ్యవేగం. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. ఊపందుకోడానికి నీకు ఆలస్యమవుద్ది. అందుకున్నాక తేలిగ్గా పోదు. నువ్వే ముందు బ్రేకేసి పారేసుకుంటున్నావు. గీత దాటేక ఆగమ్మా."

"కాలవుందండీ!"

"ఉంటే ఉంది. ఈతొచ్చుగా!"

క్లాసంతా నవ్వింది. కానీ నా బరువు మాట ఎత్తినప్పుడు నేను కూడా నవ్వడం అదే మొదటిసారి.

గెలిచినవాళ్లని అమలాపురం పోటీలకి పంపుతారు. పందెం రోజు నాన్న కాయల సైకిలు గోడకి ఆనించి, తలగుడ్డ చేతిలోకి తీసుకుని నిలబడ్డారు. విజిల్ మోగింది. పద్మ ఎప్పటిలాగే ముందు. సగం దాటాక దాని జడ దగ్గరైంది, తర్వాత పక్కనే దాని రొప్పు వినిపించింది. ఎదురుగా కాలువ నీళ్లు ఎండకి తళతళమంటున్నాయి. మోకాళ్లు బిగుసుకోబోతుండగా నాన్న కేక వినిపించింది.

"ఆగకమ్మా!"

ఆగలేదు. రిబ్బను ఛాతీకి తగిలి తెగింది. ఇక ఆగుదామంటే ఒళ్లు వింటేనా! వెనక్కి వాలుతూ నాలుగడుగులు, గట్టు బురదలో జర్రున ఒక జారుడు, ఆపైన దబ్బున కాలువ. తల పైకెత్తేసరికి ఒడ్డున పద్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"నువ్వే గెలిచేవే! ముందు బయటికి రా!"

నాన్న పంచె ఎగ్గట్టి దిగి నన్ను చెయ్యిపట్టి లాగారు. మేష్టారు మాత్రం చెయ్యందించడం మానేసి, "చూసేరా, చూసేరా!" అంటూ పిల్లలకి మిగతా పాఠం చెప్పేస్తున్నారు.

అమలాపురంలో నాలుగోదాన్నయ్యాను. అక్కడా గీత ముందు కాలు తగ్గించలేదు.

ఇప్పుడు ఆ మేష్టారు లేరు. గుర్రపుడెక్క కమ్మేసిన కాలువలో పిల్లలెవరూ ఈదడం లేదు. మొన్నొక పెళ్లిలో ముక్తేశ్వరం నుంచి వచ్చిన పద్మ కలిసింది. "ఆ పందెం పది గజాలు తక్కువుంటే నేనే గెలుద్దునే" అంది, ఇన్నేళ్ల తర్వాత కూడా ఉక్రోషంగా. మళ్లీ పరిగెత్తి తేల్చుకుందామన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాక గుర్తొచ్చింది, ఆ గ్రౌండు నిండా ఇప్పుడు గదులు లేచాయని.