అక్క కొలిపించిన దూరం

మా అక్క లెక్కల టీచరు. ఇరవై రెండేళ్ళు ఒకే బళ్ళో, ఒకే మూలగదిలో చెప్పింది. ఏడో తరగతితో ఆ బడి అయిపోతుంది. ఎనిమిదికి రైలు పట్టాల అవతలికి వెళ్ళాలి. పట్టాలు దాటాలంటే భయం, గేటు దాకా చుట్టూ తిరిగితే ముప్పావుగంట. ఆడపిల్లల్ని సగం మంది అక్కడితో మాన్పించేసేవాళ్ళు. మా వైపు ఒక హైస్కూలు రావాలని అక్క పట్టుబట్టింది. ఆమె పట్టు ఎలాంటిదో ఒకే గదిలో పెరిగిన నాకు బాగా తెలుసు.

అర్జీలు పెట్టి పెట్టి విసుగెత్తి మున్సిపల్ ఎన్నికల్లో నిలబడింది, గెలిచింది. మొదటి సమావేశంలోనే హాజరు పిలిచింది. ఆలస్యంగా వచ్చిన ఛైర్మన్ గారు గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి రావచ్చా మేడం అని అడిగారట. పాపం, ఆయన అక్క పాత విద్యార్థే.

తీరా చూస్తే హైస్కూలు ఇచ్చే అధికారం మున్సిపాలిటీకి లేదు. సరేనని రెండేళ్ళు అధికారుల ప్రాణాలు తోడేసి, పట్టాల మీద నడక వంతెన కట్టించింది. ఆ మంచిపేరుతోనే ఎమ్మెల్యే అయింది. రెండోసారి గెలిచాక ఏకంగా విద్యాశాఖ మంత్రి. అప్పటికి నా కూతురు ఏడులోకి వచ్చింది. పెద్దమ్మ మంత్రి అని దాని కాళ్ళు నేల మీద నిలవలేదు. నావీ అంతే.

ఆ ఏడు రాష్ట్రం మొత్తానికి పది కొత్త హైస్కూళ్ళే ఇస్తామన్నారు. పిల్లలు ఎక్కువసేపు నడిచే చోటికే ముందు ఇవ్వాలని అక్క రూలు పెట్టింది. అధికారులు మ్యాపు మీద స్కేలు పెట్టి దూరాలు రాసుకొస్తే తిప్పికొట్టింది. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని మీరే నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి అంది. సంచీలు మోస్తూ రొప్పుతున్న పెద్దాఫీసర్లను చూసి జనం కడుపుబ్బా నవ్వారు. నేనూ నవ్వాను, లిస్టు వచ్చేదాకా.

మాది మూడొందల పందొమ్మిదో నంబరు. వంతెన పుణ్యమా అని మా పిల్లల నడక పావుగంటకి దిగిపోయింది మరి. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క ఇంటికి రాగానే గొడవకి దిగాను.

"నువ్వు ఇంతదాకా వెళ్ళింది ఈ బడి కోసమే కదా. ఒక్క నంబరు మార్చలేవా?"

"మార్చగలనే. పెన్ను నా చేతిలోనే ఉంది. కానీ మారిస్తే పదో నంబరు ఊరికి బడి పోతుంది. వాళ్ళ నడక గంటన్నర." అంది అక్క. "నాకు మాత్రం ఏడుపు రావట్లేదనుకున్నావా?"

ఆ తర్వాత నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. నా కూతురు వంతెన ఎక్కి ఎనిమిదికి వెళ్తూనే ఉంది, నా కోపం మాత్రం దిగలేదు. ఆరు నెలలకి ఆ పదో నంబరు ఊళ్ళో బడి తెరుస్తున్నారంటే, అమ్మ పోరు పడలేక వెళ్ళాను. ఎనిమిదో తరగతి ముందు బెంచీలో, నా కూతురికంటే పెద్దపిల్ల ఒకతె కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ రోజూ గంటన్నర ఎలా నడిచావమ్మా అని అడిగాను.

"నడవలేదండీ. ఏడు పాసై రెండేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను."

బోర్డు దగ్గర అక్క అప్పుడే చాక్‌పీస్ అందుకుని లెక్క మొదలుపెడుతోంది. వెళ్ళి పక్కన నిలబడి, ఆరు నెలల తర్వాత మొదటిసారి "అక్కా" అని పిలిచాను.