తాడు ఎవరిది?

మా జట్టులో ఒక పద్ధతి ఉంది. బండ ఎక్కే ముందు నడుం బెల్టులు బిగించుకుని, ఒకరి ముడి ఒకరు లాగి చూసుకున్నాక మాస్టారు అడుగుతారు: "తాడు ఎవరిది?" దాన్ని ఇంట్లో దాచి తెచ్చినవాడు "నాది" అనాలి. నిజానికి తాడు అందరం కలిసి కొన్నదే. కానీ దాన్ని ఎలుక కొరికిందా, ఎండ తిన్నదా, ఎవరైనా తొక్కారా అన్నదానికి జవాబు చెప్పవలసింది మాత్రం ఒక్కడే. వాడు "నాది" అన్నాక, పైకి వెళ్ళిన మనిషి ప్రాణం ఆ మాట మీదే వేలాడుతుంది.

ఆ ఒక్కడూ నేనే. మాస్టారు నన్నెందుకు ఎంచుకున్నారో ఇప్పటికీ అర్థం కాదు. "తాడు ఎవరిది?" అంటే "నాదే, పట్టా కూడా ఉంది" అనేవాణ్ణి. ఒకసారి "మా తాతది, వాటాలు తేలలేదు" అన్నాను. మాస్టారు నవ్వేవారు కాదు. నేను సరిగ్గా చెప్పేదాకా మళ్ళీ మళ్ళీ అడిగేవారు.

జట్టంటే ఐదుగురం. మాస్టారు బడిలో డ్రిల్లు నేర్పి రిటైరయ్యారు. వయసులో ఉండగా హిమాలయాల్లో కొండలెక్కడం నేర్చుకొచ్చారు. సెల్లు షాపు నడిపే అన్నదమ్ములిద్దరు ఉన్నారు. నాలుగో మనిషి, జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఒకామె. మా అందరిలోకీ బాగా ఎక్కేది తనే. నన్ను అన్నియ్యా అంటుంది, నేను సెల్లెమ్మా అంటాను. ఇక నేను. ఏడో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. కాశీబుగ్గలో జీడి బస్తాలు మోసే ట్రాలీ ఆటో నడుపుతాను. ఆదివారం పొద్దున్నే మందస వైపు కొండల్లో ఉన్న ఒక బండ దగ్గరికి అందరం చేరతాం.

వానలు పట్టాక బండ నాచు పట్టి జారుతుంది, ఎక్కడం మానేస్తాం. ఆ నెలా నెలన్నరా తాడును ఎక్కడ ఉంచాలన్నది నాకు చిక్కుగా మారింది. నా గదిలో ఎలుకలు. జీడిపప్పు తిని పెరిగినవి, పిల్లికి భయపడే రకం కాదు. ఆటోలో పెడదామంటే బ్యాటరీ ఉంది. బ్యాటరీ ఆసిడ్ సోకిన తాడు పైకి చూడటానికి కొత్తగానే ఉండి లోపల పుచ్చిపోతుందని మాస్టారు ఒకటికి పదిసార్లు చెప్పారు. అందుకని బాగా ఆలోచించి, ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఉన్న మా అప్ప ఇంట్లో (అక్కను మేం అప్ప అంటాం) పెట్టి వచ్చాను. మా బావ సముద్రం మీద వేట చేసే మనిషి. తాళ్ళ గురించి ఆయనకు తెలియనిది ఏముంటుంది అనుకున్నాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన పని ఇంకోటి లేదు.

వానలు వెనకబట్టాక శనివారం మధ్యాహ్నం తాడు కోసం వెళ్ళాను. బావ వేటకు వెళ్ళాడు. అప్ప గోనెసంచి తెచ్చి చేతిలో పెట్టింది.

"మీ బావ రెండు రోజులు దీంతోనే కూకున్నాడురా. కొత్త వలను కూడా ఇలగ సూసుకోనేదు."

"నన్నెప్పుడైనా అలగ సూసుకున్నాడేటే?"

"నిన్ను సూసుకుంటే ఏటొత్తాది, అప్పు తప్ప?"

సంచి తెరిచి చూశాను. నారింజ రంగు తాడు కాస్త ముదిరి నిగనిగలాడుతోంది. తలకు నూనె పట్టించుకుని బడికి బయలుదేరిన పిల్లవాడిలా ఉంది. అదే మాట అప్పతో అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. బావ ఏం చేశాడని మాత్రం అడగలేదు. కాశీబుగ్గ చేరాక, ముడులేమైనా పడ్డాయేమోనని మొత్తం తాడును గుప్పిట్లోంచి జార్చుతూ చూసి మళ్ళీ చుట్ట చుట్టాను. వాసన రాలేదా అంటే, వచ్చే ఉంటుంది. పలాస, కాశీబుగ్గ రెండూ కలిపి ఒక పెద్ద జీడి పిక్కల పొయ్యి. అక్కడ ఆ వాసన వచ్చిందంటే గాలి వీచిందని అర్థం, అంతే.

ఆదివారం పొద్దున నా అరచేతులు చిమచిమలాడుతూ ఉన్నాయి. గోనెబస్తాల వల్ల అనుకున్నాను.

మా బండ రెండు కొబ్బరిచెట్ల ఎత్తు ఉంటుంది. బండ కొనకు రెండు మనిషి నిలువుల కింద, రాతిలో దిగగొట్టిన ఉక్కు రింగులు రెండున్నాయి. అన్నదమ్ములు వెనక నుంచి కొండెక్కి, మాస్టారి పాత తాడు కట్టుకుని రింగుల దాకా దిగి, మా తాడును వాటిలో దూర్చి రెండు కొసలూ కిందికి వదిలి దిగివచ్చారు. ఒక కొస ఎక్కే మనిషి నడుముకి. రెండో కొస కింద నా దగ్గర, నా బెల్టుకు తగిలించిన చిన్న లోహపు బిళ్ళలోంచి. దాన్ని బ్రేకు అంటాం. ఆ రోజు ముందు ఎక్కేది సెల్లెమ్మ. ఆమె ఎక్కుతుంటే నేను వదులు లాగుతూ ఉండాలి. పైకి చేరాక ఆమె వెనక్కి వాలి తాడు మీద కూర్చుంటుంది. అప్పుడు మెల్లగా దించుతాను.

మాస్టారు అడిగారు. "తాడు ఎవరిది?"

"నాదే మాస్టారూ. నూనె రాసి తలంటు పోసి మరీ తెచ్చాను."

అన్నదమ్ములు నవ్వారు. మాస్టారు మళ్ళీ అడిగారు.

"నాది," అన్నాను.

ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరంలో ఒక పగులు దగ్గర కాలు జారింది. తాడు బిగుసుకుంది, ఆమె ఒక్క క్షణం గాలిలో ఊగి మళ్ళీ రాతిని పట్టుకుంది. "ఏటన్నియ్యా, నిద్రపోతన్నావా?" అంది. "నేదు, నీ బరువెంతో సూత్తన్నాను," అన్నాను. వానకు కడిగిన కొండ నల్లగా ఉంది. గాలి ఆగిపోయింది. కింద జీడితోటలో పిట్ట కూడా అరవడం లేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే అలా అనిపిస్తోందో, అప్పుడే అలా ఉందో చెప్పలేను.

వదులు లాగుతుంటే తాడు చేతిలో కొద్దిగా అంటుకుంటోంది. చూస్తే బ్రేకు అంచున నల్లటి జిడ్డు పేరుకుంది. చొక్కాకు తుడిచాను, పోలేదు. చెయ్యి తిప్పి చూసుకున్నాను. అరచేతి గీతలన్నీ నల్లబడి ఉన్నాయి, బొటనవేలి కింద చర్మం ఉబ్బుతోంది. ఆ నలుపు మా ఊళ్ళో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. జీడి పిక్క పెంకులోంచి వచ్చే నూనె అది. ఒంటికి తగిలితే కాలుస్తుంది. చెక్కకు పడితే పురుగు చేరదు. ఒడ్డున మావాళ్ళు పడవలకు, వెనకటి నూలు వలలకు అదే పూసేవారు. బావ రెండు రోజులు కూర్చుని ఏం చేశాడో అప్పుడు తెలిసింది.

నూలుకు మంచిదే కావచ్చు. ఇది నూలు కాదు, నైలాను. ఆసిడ్ గురించి మాస్టారు చెప్పినదంతా ఒక్కసారిగా చెవిలో మోగింది. కాలు జారినప్పుడు తాడు ఆగింది, నిజమే. లోపల ఎన్ని పోగులు మిగిలాయో ఎవరికి తెలుసు?

మాస్టారికి చెయ్యి చాచి చూపించాను. మాస్టారు నా చెయ్యి చూశారు, తాడు చూశారు. ఆయన పెదాలు తెల్లబడ్డాయి.

అప్పటికి ఆమె రింగుల దగ్గరికి చేరింది. "అయిపోనాది. దించీ అన్నియ్యా," అంది.

"సెల్లెమ్మా, కూకోకు. తాడు మీద బరువెయ్యకు. నీ పట్టీ రింగుకి తగిలించీ."

ఎక్కే ప్రతి మనిషి బెల్టుకూ ఒక పొట్టి పట్టీ, దానికో కొక్కెం ఉంటాయి. అది రింగుకు తగిలిస్తే తాడుతో పని లేదు.

పైనుంచి నవ్వు వినిపించింది. "మల్లీ మొదలెట్టినాడు."

తప్పు ఆమెది కాదు. కిందటి ఎండాకాలంలో ఆమె సరిగ్గా అక్కడే ఉన్నప్పుడు "తేనెటీగలు" అని ఉత్తినే కేక వేశాను. అంతకుముందు ఒకసారి "నాకు టీ టైమైంది, నువ్వక్కడే ఉండు" అన్నాను. ఇప్పుడు ఆమె రెండు పాదాలూ రాతికి ఆనించి, ఒక చెయ్యి వదిలేసి వెనక్కి వాలుతోంది.

"ఆట కాదు సెల్లెమ్మా."

"నువ్వెప్పుడు ఆట కాదన్నావో అదే ఆట. పట్టుకో, వాలుతన్నాను."

అరిస్తే ఇంకా నవ్వుతుంది. మాస్టారు గొంతు విప్పబోయి నా వైపు చూశారు. అప్పుడు తట్టింది.

"నీ సెయ్యి సూసుకో," అన్నాను. మామూలుగానే అన్నాను. "అరిసెయ్యి తిప్పి సూసుకో. మీ ఫ్యాక్టరీ నలుపేనా కాదా, నువ్వే సెప్పు."

పైన ముడి దగ్గర తాడును ఆమె ఎన్నిసార్లు పట్టుకుందో. పన్నెండేళ్ళు పిక్కలు కొట్టిన చేతులవి. సున్నం రాసినా, బూడిద రాసినా వదలని ఆ మచ్చ ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? పని లేని ఆదివారం, కడుక్కుని వచ్చిన చేతుల మీద తడి నలుపుంటే అది తాడుదే.

ఆమె వదిలేసిన చేతిని మొహం దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత పైన ఇనుము మీద ఇనుము తగిలి 'టక్'మంది. కొక్కెం రింగుకు పడింది. అంత చిన్న చప్పుడు కోసం అంతగా చెవి రిక్కించడం నాకు మళ్ళీ జరగలేదు, జరగకూడదు.

మాస్టారు అన్నదమ్ములను తీసుకుని పాత తాడుతో వెనక దారిన కొండెక్కారు. ముప్పావుగంట పైనే పట్టింది. అంతసేపూ ఆమె ఆ పొట్టి పట్టీ ఆసరాతోనే నిలబడి ఉంది. ఎండ బండ మీదికి వచ్చింది. నేను పనికిరాని తాడు కొస పట్టుకుని కింద కూర్చున్నాను. వదిలెయ్యడానికి చేతులు రాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా దగ్గర ఒక్క జోకూ లేదు.

పైనుంచి పాత తాడు వదిలి, దానికి కట్టుకోమని చెప్పి, ఆమెను ఆ రెండు నిలువులూ ఎక్కించుకున్నారు. వెనక దారిన దిగివచ్చి ఆమె నీళ్ళు తాగి కూర్చుంది. నావైపు చూడలేదు.

అన్నదమ్ముల్లో చిన్నవాడు తాడును అటూ ఇటూ గుంజాడు. "గట్టిగానే ఉంది గదా. ఒక పాలి జారితే ఆపింది కూడాను. రాళ్ళ బస్తా కట్టి కిందికి ఒగ్గీసి సూద్దాం. తెగుతాదో నేదో తెలిసిపోద్ది."

"వద్దు," అంది ఆమె. "తెగితే నాను మల్లీ ఈ బండ ఎక్కలేను. తెగకపోతే ఈయన మల్లీ ఇదే తాడు తెత్తాడు."

మాస్టారు జేబులోంచి కత్తి తీశారు. "తాడు ఎవరిది?" అన్నారు.

"నాది."

కత్తి నా చేతికిచ్చారు. ఎవరూ ఎక్కడానికి వాడలేనంత పొట్టిగా, బారెడు బారెడు చొప్పున కోశాను. కోస్తుంటే లోపలి పోగులు చూశాను. తెల్లగా ఉండవలసినవి టీ రంగులో ఉన్నాయి. అది నూనె రంగేనా, ఇంకేమైనానా అని మాస్టారిని అడిగాను. "ఆసిడ్ గురించి పుస్తకాల్లో ఉంది. జీడినూనె గురించి రాసినవాడు లేడు," అన్నారు.

ముక్కలన్నీ గోనెసంచిలో వేసుకుని ఒడ్డుకు వెళ్ళాను. బావ వాకిట్లో వల బాగు చేసుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన సూది ఆపి విన్నాడు.

"ఉప్పుగాలికి పాడైపోద్దని రాసినానురా," అన్నాడు చివరికి. "పెంకు నూనె తాగిన సెక్క మా అయ్య కాలం నుంచీ సముద్రంలో తిరుగుతోంది. తాడుకి ఏటౌతాది?"

"ఏటీ అవ్వలేదు బావా. అవ్వకముందే దించీసినాం."

ఒక ముక్క తీసి మోకాలికి అడ్డంగా వేసి రెండు చేతులతో గుంజాడు. మెడ నరాలు తేలేదాకా గుంజాడు. తెగలేదు. నా మొహంలోకి చూసి, "సూసినావా?" అన్నాడు. ఆ ముక్క తీసుకెళ్ళి గేదెను గుంజకు కట్టాడు. మనిషికి పనికిరానిది గేదెకు పనికొస్తుందిలే అనుకున్నాను. మిగతా సంచి అప్ప పొయ్యి వెనక పడేసింది.

తర్వాత నెల తిరక్కుండానే ఒక పొద్దున అప్ప ఫోన్ చేసింది. గేదె పక్కవాళ్ళ వంకాయ మడిలో పడి పొట్ట ఉబ్బేదాకా మేసిందట, ఊరంతా తిట్లట, వచ్చి ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది. వెళ్ళాను. గుంజ ఖాళీగా ఉంది. దానికి తాడు ముక్క లేదు, గేదె మెడకూ లేదు. పొయ్యి వెనక సంచి కూడా లేదు.

"ఏటి బావా, తెగిపోనాదా?" అని అడిగాను.

బావ నావైపు చూడకుండా వల మడతపెడుతున్నాడు. "నేదురా. ముడి జారిపోయింది. అంతే."

నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ మా బావ వేసిన ముడి జారడం నేను చూడలేదు.