ఎరల్ మొదట అడిగే ప్రశ్న

మా కారవాన్ పార్కులో పదకొండేళ్ళుగా ఉంటున్న ఎరల్ పాస్కోకి నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఒకప్పుడు గ్యాస్ పైపుల మేస్త్రీ. ఎడారిలో ఊడ్నడట్టా మట్టిరోడ్డు మీదుగా కార్ల వెనక తగిలించుకుని వచ్చే ఇళ్ళలాంటి బళ్ళలో చాలావాటికి ఏదో ఒక రోగం ఉంటుంది, అందులో సగం ఫ్రిజ్ రోగాలే. జనం ఆఫీసులో కూర్చునే నా దగ్గరికి వస్తారు, నేను ఎరల్ దగ్గరికి పంపుతాను. అతను చెడామడా తిట్టి బాగుచేస్తాడు. ఆ తిట్ల మీద మళ్ళీ నాకే ఫిర్యాదు. ఫ్రిజ్ పనిచేస్తోందా అని అడుగుతాను. చేస్తోందంటారు. అయితే ఇంకేం అంటాను.

ఈ ఫ్రిజ్‌లలో మోటారు ఉండదు. వెనకాల గ్యాస్ మంటో కరెంటు కడ్డీయో లోపలి ద్రవాన్ని మరిగిస్తుంది. బండి వెనకవైపు కిందిజాలీలోంచి గాలి దూరి, ఆ వేడిని పైజాలీలోంచి బయటికి తీసుకుపోతేనే లోపల చల్లబడుతుంది. బండి కాస్త ఓ పక్కకి వాలినా దానికి అలకే. అందుకని ఎరల్ ముందు రసమట్టం పెట్టి చూస్తాడు. అంతకంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాడు. చివరిసారి ఎప్పుడు చల్లగా ఉంది, ఆ రోజు మీరేం చేశారు? ఏమీ చెయ్యలేదన్నవాళ్ళ పని అయిపోయినట్టే. నిజం చెబితే గంటలో తేలే పనికి అబద్ధమాడితే రోజు పడుతుందని దులిపేస్తాడు.

ఆగస్టులో నోలీన్ హాకెట్ వచ్చింది. డెబ్బై ఒక్కేళ్ళు. భర్త కెన్ పోయాక ఒంటరిగా బండి లాక్కుని బయల్దేరడం అదే మొదటిసారి, డార్విన్ దాకా వెళ్ళాలని. ఏది చెడినా ఇంటికి వచ్చేస్తానని కొడుకు ట్రెంట్‌కి మాటిచ్చిందట. మా దగ్గరికొచ్చిన మూడో రోజుకి పాలు విరిగాయి, వెన్న నూనెలా కారింది. దాచకుండా ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు ట్రెంట్ అడిలైడ్ నుంచి వచ్చేశాడు. బండిని తన కారుకి తగిలించేసి, ఇంటికి లాక్కెళ్ళి అమ్మేస్తానన్నాడు. కొనేవాళ్ళు కూడా సిద్ధంగా ఉన్నారట. బయల్దేరేలోపు ఒకసారి ఎరల్‌కి చూపిద్దామని నోలీన్ బతిమాలింది.

ఎరల్ తన ప్రశ్న అడిగాడు. వచ్చాక కరెంటు ప్లగ్ పెట్టడం తప్ప ఏమీ చెయ్యలేదంది. అతను తిడతాడని ఎదురుచూశాను. కొడుకు మొహం చూసి ఊరుకున్నాడు.

రసమట్టం పెట్టాడు, బండి సమంగానే ఉంది. వెనక్కి వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. మట్టిరోడ్డు ఎక్కేముందు దుమ్ము లోపలికి రాకుండా మేమంతా ఆ జాలీలకి టేపు అంటిస్తాం, దిగాక పీకేస్తాం. పైజాలీకి టేపు లేదు. కిందిజాలీకి మడతబల్ల ఆనించి ఉంది. బల్ల జరిపితే టేపు అలాగే ఉంది, మీద ఎర్రదుమ్ము. గాలి లోపలికి దూరే దారే లేదు. ఎరల్ దాన్ని పీకి, ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ముందుకొచ్చి, "గ్యాస్ బర్నర్‌లో కందిరీగ గూడు కట్టిందమ్మా, తీసేశాను. ఇది ఎవరికైనా వచ్చేదే," అన్నాడు.

పదకొండేళ్ళలో అతని నోట అబద్ధం వినడం అదే మొదలు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఊరందరినీ దేనికి తిట్టాడో తనూ అదే చేశాడు.

నోలీన్ అతని వంక చూసింది. "నేను గ్యాస్ వెలిగించనే లేదండీ. కరెంటు మీద కదా నడుస్తోంది," అంది.

బండి వెనక్కి నడిచింది. దుమ్ము మధ్య టేపు ఊడిన చోట తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద చెయ్యి పెట్టి ఇటు తిరిగింది.

"అంటించడం నా పని, పీకడం కెన్ పని. ముప్ఫై ఏళ్ళూ అంతే. ఈసారి పైది పీకాను, కిందది మర్చిపోయాను. నన్ను వెనకేసుకు రాకండి. ఏం చేశానో తెలియకపోతే మళ్ళీ అదే చేస్తాను."

ఎరల్ జేబులోంచి టేపు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నా భయం ఇదే," అన్నాడు ట్రెంట్. "మీరే చెప్పండి, ఈవిడ ఒంటరిగా డార్విన్ వెళ్ళగలదంటారా?"

"ఏమీ చెయ్యలేదన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ నా దగ్గరికొస్తారు బాబూ. తప్పు తమ నోటితో చెప్పినవాళ్ళ ఫ్రిజ్ నేను రెండోసారి చూడలేదు. మీ అమ్మకి నేను అక్కర్లేదు," అన్నాడు ఎరల్.

సాయంత్రానికి ఫ్రిజ్ ట్రేలో మంచు కట్టింది. ట్రెంట్ దాన్ని వేలితో తడిమి చూసి తలుపు మూశాడు. తన కారుకి తగిలించుకున్న బండిని విప్పి తల్లి కారుకి తగిలించాడు. డార్విన్ చేరాక ఫోన్ చెయ్యమన్నాడు. ఈలోపు ఏదైనా చెడితేనో అని ఆమె అడిగింది.

"చెడితే చెప్పు. తీసుకెళ్ళడానికి రానులే అమ్మా, ఊరికే చెప్పు."