నల్ల సిలిండర్ పక్కన పెంచలయ్య

ఉద్యోగంలో చివరి మూడేళ్లు నన్ను ఆత్మకూరులో సర్వీస్ ఇంజనీరుగా వేశారు. నేను చూసేది హైడ్రాలిక్ బ్రేకర్లు. బ్రేకరంటే బండలు పగలగొట్టడానికి ఎక్స్‌కవేటర్ చేతికి తగిలించే పెద్ద సుత్తి. దాని తలలో నైట్రోజన్ గ్యాస్ ఉంటుంది. ఆయిల్ పిస్టన్‌ను పైకి లేపినప్పుడు ఆ గ్యాస్ నలిగి, స్ప్రింగులా దాన్ని కిందికి తంతుంది. గ్యాస్ తగ్గితే దెబ్బ పడదు. మరీ ఎక్కువైతే పిస్టన్ పైకే లేవదు. ఈ రెండు ముక్కల మీదే నా జీతం నడిచింది.

ఒక వేసవిలో పెంచలయ్య అనే బండి ఓనరు ఫోన్ చేశాడు. ఉదయగిరి దాటి దుత్తలూరు వైపు ఒక రైతుకు బావి లోతు చేస్తున్నాడు. దెబ్బలో బలం లేదన్నాడు. నీళ్లు అడుగంటి, గొర్రెలకు ట్యాంకరు తోలించుకుంటున్న ఆ రైతు పక్కనే నిలబడి ఆయన్ని తిడుతున్నాడు. తిట్లు ఫోన్లో నాకూ అందాయి.

నేను చేరేసరికి పెంచలయ్యకు ఓపిక అయిపోయింది. ఉదయగిరి వెల్డింగ్ షాపు నుంచి నల్ల సిలిండర్ తెప్పించాడు. ఆపరేటర్ యేసోబు దాని గొట్టాన్ని బ్రేకర్ తలకు బిగిస్తున్నాడు. నైట్రోజన్ సిలిండర్ ఒళ్లు బూడిద రంగు, మెడ ఒక్కటే నలుపు. ఒళ్లంతా నలుపంటే ఆక్సిజన్. అంత పీడనంలో అది ఆయిల్‌ను తాకితే అగ్గిపుల్లతో పని లేదు, దానంతటదే పేలుతుంది.

"యేసోబూ, వాల్వు తిప్పబాకురా!" అని అరిచాను.

పెంచలయ్య నొచ్చుకున్నాడు. "ఏంది సార్, అదీ గాలే గదా? ఆస్పత్రిలో మనుషులకే పెడతాండారు."

"మనుషుల్లో హైడ్రాలిక్ ఆయిల్ ఉండదు పెంచలయ్యా."

పేలుడు ఎలా జరుగుతుందో పూర్తిగా వివరించాను. శ్రద్ధగా విని, "కొంచెమే ఎక్కిద్దాం సార్" అన్నాడు.

నేను టూల్ బ్యాగు జీపులో పడేశాను. "సరే, నువ్వే తిప్పుకో. నేను మర్రిపాడు కాడ నిలబడి వింటా" అని బండి స్టార్ట్ చేశాను. యేసోబు స్పానర్ వదిలేసి వెనక సీట్లోకి దూకాడు. రైతు తిట్టే తిట్టు సగంలో ఆపి నా పక్కన కూర్చున్నాడు. సిలిండర్ దగ్గర పెంచలయ్య ఒక్కడే మిగిలాడు. దాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "నన్ను గూడా ఎక్కించుకోండి సార్" అన్నాడు.

దిగి గొట్టం విప్పించాను. బ్రేకర్ చల్లారేదాకా ఆగాం, వేడి మీద గేజీ ఎక్కువ చూపిస్తుంది. బ్రేకర్ కొసనున్న ఉలి నేలకు ఆనకుండా ఎత్తించి, నేను తెచ్చిన నైట్రోజన్‌ను బ్రేకర్ మీది రేకులో రాసిన పీడనం దాకే నింపాను. "ఇంకాస్త సార్, దెబ్బ అదిరిపోవాల" అని పెంచలయ్య బతిమాలాడు. కుదరదన్నాను. సాయంత్రానికి బండ పగిలి ఊట కనిపించింది.

ప్రమాదాన్ని వివరిస్తే సైటులో ఎవరూ కదలరు. వివరించేవాడు ముందు తాను కదలాలి.